హాజీ తాత తాగిన నీళ్ళు

నా చిన్నప్పుడు మేము బాదంకాయలు పండించి బతికామంటే మా ఊళ్ళో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. మా గోదావరి వైపు బాదంచెట్టంటే బడి ఆవరణలోనో ఆస్పత్రి ముందరో నీడ కోసం వేసే చెట్టు. కాయలు రాలితే పిల్లలు ఏరుకుని, పైకండ కొంచెం కొరికి, పెంకు రాయితో పగలగొట్టి లోపలి పప్పు తింటారు. ఎవరూ తినకపోతే ఊడ్చి పారేస్తారు. వాటిని గంపలకెత్తి బజారుకి తీసుకెళ్ళడమనే ఆలోచనే ఎవరికీ రాదు. బహ్రెయిన్‌లో మాత్రం ఆ కాయకి పెద్ద మర్యాద. అక్కడ దాన్ని లోజ్ అంటారు. పప్పు సంగతి తర్వాత, వాళ్ళకి ముందు ఆ కండే ఇష్టం. ఎండలు ముదిరాక ఎర్రగా పండిన లోజ్ మార్కెట్లోకి వస్తే ఇంటిల్లిపాదీ కార్లలో వచ్చి కొనుక్కుపోయేవారు. తిన్నవాళ్ళ నాలుకలు సాయంత్రం దాకా ఎర్రగానే ఉండేవి.

తొంభైల నాటి మాట ఇది. మా నాన్న కడియం నర్సరీల్లో అంట్లు కట్టే మనిషి. తెలిసినవాళ్ళెవరో తోటపనికి మనిషి కావాలంటే బహ్రెయిన్ వెళ్ళాడు. కర్జకాన్ అని, ఆ దీవికి పడమటి వైపు సముద్రానికి దగ్గరగా ఉండే పల్లె. అక్కడొక ముసలాయన తోట. చుట్టూ ఖర్జూరాలు, మధ్యలో వరసలుగా లోజ్ చెట్లు. నాన్న పని ఆయనకి నచ్చింది. కొన్నాళ్ళయ్యాక ఇంటిపనికి మా అమ్మని కూడా పిలిపించుకున్నాడు. మరి పిల్ల సంగతేమిటని నాన్న నసిగితే, పిల్లనీ తెచ్చుకోమన్నాడట. అలాంటి పనుల్లోకి వచ్చినవాళ్ళు పిల్లల్ని తెచ్చుకోవడం ఆ రోజుల్లో ఎక్కడా లేదు. నేను అక్కడ ఉండగలిగానంటే అది ఆయన దయే.

అందరూ ఆయన్ని హాజీ అనేవారు. నేను హాజీ తాత అనేదాన్ని. పడుచు వయసులో బొంబాయిలో ఉండి వచ్చినందువల్ల ఆయనకి హిందీ వచ్చు. నాన్నతో హిందీలో మాట్లాడేవాడు, నాతో అరబ్బీలో. ఆయన మాటలు వింటూనే నాకా భాష పట్టుబడింది. నేను వెళ్ళేసరికే ఆయన చూపు చాలావరకు పోయింది. వెలుతురూ చీకటీ తెలిసేవి కానీ రంగులూ రూపాలూ తెలిసేవి కావు. నా భుజం మీద చెయ్యి వేసుకుని రోజూ పొద్దున్నే తోటంతా తిరిగేవాడు. ప్రతి చెట్టు దగ్గరా ఆగి ఏం కనబడుతోందో చెప్పమనేవాడు. పూత వచ్చిందా, పిందె నిలిచిందా, కాయ ఎరుపుకి తిరిగిందా, ఇంకా ఆకుపచ్చగానే ఉందా. నేను చూసి చెబితే ఆయన కొమ్మ మీద చెయ్యి వేసి, నేను చెప్పినదాన్ని వేళ్ళతో సరిచూసుకునేవాడు. తప్పు చెబితే నవ్వేవాడు. రాజధాని మనామాలో బడికి పంపే వీలు మాకు లేదు. అమ్మ పలక మీద దిద్దించిన అక్షరాలు, హాజీ తాతకి చెట్లను చూసి చెప్పడం, ఇవే నా చదువు.

లోజ్‌ని గింజ వేసి పెంచితే ఏ చెట్టు కాయ ఎలా ఉంటుందో చెప్పలేం. తియ్యటి చెట్టు గింజ వేసినా వగరు కాయలే కాయవచ్చు. తోట మూలన ఒక పాత చెట్టు ఉండేది. దాని కాయ అరచేతి నిండుగా ఉండి, లోపలి కండ కూడా ఎర్రగా, వగరు లేకుండా తియ్యగా ఉండేది. ఆ చెట్టు హాజీ తాత తండ్రి నాటింది. నాన్న దాని కొమ్మలు తెచ్చి చిన్న మొక్కలకి అంటు కట్టాడు. మొదటి ఏడు కట్టినవి అక్కడి ఎండకి చాలావరకు మాడిపోయాయి. మరుసటి ఏడు నాన్న ఖర్జూరాకుల తడికలు అల్లి ఒక్కో మొక్కకీ నీడ కట్టాడు. తడిగోనె చుట్టాడు. బతికిన ఒక్కో అంటునీ పసిపిల్లలా సాకాడు. నేను అక్కడికి చేరేసరికి అవి నా ఎత్తు ఉండేవి. అవీ నేనూ కలిసే పెరిగాం. అవి కాపుకొచ్చిన వేసవిలో నాన్న మొదటి పండు కోసి హాజీ తాత చేతిలో పెట్టాడు. ఆయన తిని, గింజ దాకా చప్పరించాడు. తర్వాత నాన్న చెయ్యి వెతుక్కుని పట్టుకుని, మా నాయన చెట్టుని మళ్ళీ పడుచుదాన్ని చేశావు రఫీక్ అన్నాడు. రఫీక్ అంటే నేస్తం. ఆయన నాన్నని ఎప్పుడూ అలాగే పిలిచేవాడు.

కాపు రోజుల్లో మాకు పండగలాగే ఉండేది. ఎండ రాకముందే నాన్న నిచ్చెన వేసుకుని కోసేవాడు. కింద పడితే కాయ కమిలిపోతుందని అమ్మ కొంగు పట్టి నిలబడేది. ఎర్రవీ పసుపువీ వేరు చేసి, ఖర్జూరాకు బుట్టల్లో ఆకులు పరిచి పేర్చడం నా పని. హాజీ తాత పికప్‌లో నాన్న పక్కన కూర్చుని తానే మార్కెట్టుకి వెళ్ళేవాడు. అమ్మేవాళ్ళు బోలెడుమంది ఉన్నా, ఆ ఎర్ర కాయల కోసం ఆయన్ని అడిగి మరీ వచ్చేవాళ్ళుండేవారు. కళ్ళు కనబడని మనిషి, ఎవరికి ఎన్ని ఇచ్చేదీ తూకం లేకుండా చేత్తోనే తెలిసేది ఆయనకి. అమ్మ మాత్రం ఆశ్చర్యపోతూనే ఉండేది. “మనూళ్ళో బళ్ళో రాలిన కాయల్ని తీసుకొచ్చి ఇక్కడ పెడితే మేడ కట్టేవోళ్ళం” అని నవ్వేది.

ఆ తోటకి రెండు బావులుండేవి. ఇంటి దగ్గర బావిలో నీళ్ళు మంచివి. సముద్రం వైపు బావి ఒకప్పుడు మంచిదేనట, కానీ నేను వెళ్ళేసరికి ఉప్పెక్కింది. దాన్ని ఖర్జూరాలకి మాత్రమే, అదీ అప్పుడప్పుడే వాడేవారు. ఖర్జూరం ఉప్పుని కొంత ఓర్చుకుంటుంది. ఆ పల్లెలో చాలా తోటలు అప్పటికే నీళ్ళు చెడి ఎండిపోయాయి. ఎండిన చోటల్లా విల్లాలు లేచేవి. మా తోట గోడ అవతలే ఒక కట్టుబడి జరుగుతుండేది. హాజీ తాతకి ఎవరెవరో కబురంపేవారు, అమ్ముతావా అని. ఆయనది ఒకటే జవాబు. ఈ చెట్లు కాసినంత కాలం ఈ నేల అమ్మను.

ఆయనకి ఒక్కడే కొడుకు. మనామాలో ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగం. శుక్రవారం శుక్రవారం పెళ్ళాం పిల్లలతో వచ్చేవాడు. అతను చెడ్డవాడని నేను చెప్పలేను. పండగకి నాకు గౌను తెచ్చేవాడు. అమ్మకి జ్వరం వస్తే తానే కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళి, వెనక్కి తెచ్చి దించాడు. తండ్రి మరీ ముసలివాడయ్యాక మా వీసాల కాగితాలన్నీ అతని పేరు మీదికి మారాయి. అంటే మా కఫీల్ అతనే అయ్యాడు, అతను వద్దంటే మేము ఆ దేశంలో ఉండటానికి లేదు.

ఒక శుక్రవారం నేను టీ గ్లాసులు పట్టుకుని పంపు షెడ్డు దగ్గరికి వెళ్ళేసరికి అతను నాన్నతో మాట్లాడుతున్నాడు. గొంతు పెంచలేదు. ఓ కష్టం చెప్పుకుంటున్నట్టే చెప్పాడు. తోట ఎలాగూ ఎక్కువ కాలం ఉండదు. మంచి బావి కూడా ఒకటి రెండేళ్ళలో ఉప్పెక్కుతుంది. ఇప్పుడు అమ్మితే మంచి ధర, తర్వాత అడిగేవాడుండడు. బాబా మాత్రం చెట్లు కాసినంత కాలం అమ్మనంటాడు. కాబట్టి చెట్లు కాయకూడదు. పొద్దున పూట ఎప్పటిలా మంచి బావి పంపే వెయ్యి, ఆ చప్పుడు బాబాకి వినబడాలి, కానీ నీళ్ళు ఖర్జూరాల వైపు మళ్ళించు. మధ్యాహ్నం ఆయన పడుకున్నాక సముద్రం వైపు పంపు వేసి లోజ్ వరసలకి వదులు. ఎవరికీ చెప్పకు, తోట అమ్మాక నీకు వేరే పని నేను చూపిస్తాను. ఇదంతా హిందీలో చెప్పి, నాన్న భుజం తట్టి, నా చేతిలోంచి గ్లాసు తీసుకుని టీ బాగుందన్నాడు.

సాయంత్రం అమ్మ గుచ్చిగుచ్చి అడిగితే నాన్న చెప్పాడు.

“నా చేత్తో పెంచిన మొక్కల్ని నా చేత్తోనే చంపమంటన్నాడు.”

అమ్మ పొయ్యి ముందు నుంచి లేవలేదు. “హాజీగారికి చెప్పేద్దారి” అంది.

“చెబితే? తండ్రీ కొడుకులు రేపు ఒకటైపోతారు. మజ్జిలో మనం ఇవానం ఎక్కుతాం.”

“ఎక్కితే ఎక్కుతాం. ఆ ముసలాయన ఉసురు మనకెందుకు?”

“ఎల్లి ఏం తింటాం? నర్సరీలో మళ్ళీ కూలికి నన్నెవరు పెట్టుకుంటారు ఈ వయసులో? పిల్లని చూడు.”

అమ్మ నా వైపు చూసింది. ఆ చూపుతో ఆ మాటలు ఆగిపోయాయి. వాళ్ళు ఆగిపోయింది నా వల్లేనని నాకు అప్పుడే అర్థమైంది. అంత చిన్న వయసులో అర్థం కాకూడనిది అది.

పక్క కట్టుబడిలో పనిచేసే జగిత్యాల వైపు మామ ఒకాయన ఉండేవాడు. మధ్యాహ్నం మా చెట్ల నీడకి వచ్చి అన్నం తినేవాడు. నాన్న అతన్ని సలహా అడిగాడు. మామ అన్నం కలుపుకుంటూ అంతా విన్నాడు.

“బావా, నువ్వు ఇడువకపోతె ఇంకొకణ్ని దెచ్చి ఇడిపిస్తడు. చెట్లయితె ఎట్లయినా పోతయ్. నీ కొల్వు కూడ ఎందుకు పోగొట్టుకుంటవ్?”

“అంటే తప్పు లేదంటావా?”

“తప్పు లేదంటలేను. దుబాయి అచ్చినంక తప్పొప్పులు మన చేతుల ఉంటయా అంటున్న.” ఆయనకి గల్ఫంతా దుబాయే.

మరునాటి మధ్యాహ్నం నాన్న సముద్రం వైపు పంపు వేశాడు.

బాదంచెట్టు ఉప్పు గాలికి జడవదు. సముద్రం ఒడ్డునే పెరుగుతుంది. అందుకని అది తొందరగా చావలేదు. అదే నాన్నకి పెద్ద శిక్ష అయింది. కాలువ గట్ల మీద ముందు తెల్లటి పొక్కులు కట్టాయి. తర్వాత నాన్న అంట్లకి ఆకుల అంచులు మాడాయి. వేళ్ళు లోతుకి పోని చెట్లు కదా, ముందు దెబ్బ వాటికే తగిలింది. పిందెలు చిక్కుడుగింజంత అయ్యి రాలిపోయేవి. నాన్న వాటిని హాజీ తాత కాలికి తగలకుండా పొద్దున్నే ఊడ్చేసేవాడు. ఊడ్చి గోడవతల పోసి వచ్చి, చేతులు కడుక్కుని, అప్పుడు ఆయన్ని లేపడానికి నన్ను పంపేవాడు.

ఒకరోజు గాలికి ఓ ఆకు హాజీ తాత భుజం మీద పడింది. ఆయన తీసి నా చేతికిచ్చి ఏ రంగని అడిగాడు. బాదం ఆకు రాలే ముందు ఎర్రబడుతుంది, అది దాని స్వభావం. ఎర్రగా ఉంటే చెట్టు ఆకు మార్చుకుంటోందని అర్థం. నా చేతిలో ఉన్నది ఎర్రగా లేదు. కాల్చిన కాగితంలా గోధుమరంగులో ఉంది. నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి నాన్న అన్నాడు, “లాల్ హై హాజీ.” ఎరుపు. హాజీ తాత ఆ ఆకుని మళ్ళీ అడిగి తీసుకున్నాడు. వేళ్ళ మధ్య పెట్టి నలిపాడు. అది పొడిపొడిగా రాలింది. ఆయన ఆ పొడిని చేతిలో కాసేపు ఉంచుకుని, తర్వాత చెయ్యి దులుపుకుని, పద బిన్తీ అన్నాడు. బిన్తీ అంటే నా తల్లీ అని. ఆ రోజు నుంచి ఆయన నన్ను రంగులు అడగడం మానేశాడు. తోటలోకి మాత్రం రోజూ వచ్చేవాడు. చెయ్యి భుజం మీదే ఉండేది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోకుండా తిరిగి వచ్చేవాళ్ళం.

ఇలా ఆ వేసవి గడిచింది. ఆ ఏడు మార్కెట్టుకి బుట్టలు వెళ్ళలేదు. మూలనున్న పాత చెట్టు మాత్రం కొన్ని కాయలు కాసింది, అవీ చిన్నవి.

ఎండలు కాస్త తగ్గుముఖం పట్టిన ఒక శుక్రవారం కొడుకు ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. తెల్లటి దుస్తులు, చేతిలో జపమాల, మెత్తటి మాట. నేల చూడటానికి వచ్చాడని తెలుస్తూనే ఉంది కానీ, ఎవరూ ఆ మాట అనలేదు. చేప, అన్నం వండింది అమ్మ. భోజనాలయ్యాయి. అతిథి ఉన్నాడు కాబట్టి హాజీ తాత ఆ రోజు మధ్యాహ్నం పడుకోలేదు. ఈ సంగతి పంపు షెడ్డు దగ్గరున్న నాన్నకి తెలియదు. రోజూ వేసే వేళకి సముద్రం వైపు పంపు వేసేశాడు.

ఆ రెండు పంపుల చప్పుళ్ళూ వేరు. హాజీ తాత చేతిలో కాఫీ కప్పు ఆగిపోయింది. తల ఆ వైపు తిప్పి విన్నాడు. కప్పు కింద పెట్టి నన్ను పిలిచాడు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి ఎప్పటిలా లేదు, బరువుగా ఉంది. కాలువ దగ్గరికి తీసుకెళ్ళమన్నాడు. కొడుకు వెంటనే లేచి, ఎండగా ఉంది బాబా, ఎక్కడికి, అంటూ వెనకే వచ్చాడు. అతిథి కూడా వచ్చాడు.

నాన్న మమ్మల్ని చూశాడు. పంపు ఆపడానికి ఒక అడుగు వేసి ఆగిపోయాడు. ఇప్పుడు ఆపి ఏం లాభం అనుకున్నాడో ఏమో. నెత్తికి చుట్టుకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

హాజీ తాత లోజ్ వరసల కాలువ పక్కన నెమ్మదిగా కూర్చున్నాడు, ఆయనతో పాటే నేనూ కూర్చున్నాను. చెయ్యి చాపి కాలువ గట్టు తడిమాడు. వేళ్ళకి ఆ తెల్లటి పొక్కు తగిలి ఉంటుంది. అప్పుడు కొడుకు మాట్లాడటం మొదలుపెట్టాడు. అరబ్బీలో, గబగబా. నాన్నకి సగం అర్థమై ఉంటుంది. నాకు మొత్తం అర్థమైంది.

వీడికి నేను ఎన్నిసార్లు చెప్పాను, ఈ బావి వాడొద్దని. వీళ్ళు చెప్పింది వినరు. ఇన్నాళ్ళూ ఈ నీళ్ళే వదులుతున్నాడా? అందుకే చెట్లు ఇలా అయ్యాయి. నీకు కళ్ళు కనబడవని మోసం చేశాడు బాబా. ఈ వారమే పంపేస్తాను, వీణ్నీ, వీడి కుటుంబాన్నీ.

నాన్న ఏమీ అనలేదు. అనగలిగే మాట ఒకటి ఉంది, అది అందరికీ తెలుసు. కొడుకుకీ తెలుసు. నాన్న నేల వైపు చూస్తూ ఉండిపోయాడు. నేను అరిచి చెబుదామనుకున్నాను. భుజం మీది చెయ్యి నన్ను గట్టిగా నొక్కింది. హాజీ తాతకి నేను ఊపిరి పీల్చుకోవడం తెలిసి ఉంటుంది.

ఆయన రెండో చెయ్యి కాలువలో ముంచాడు. పుడిసెడు నీళ్ళు తీసి నోటికి పట్టాడు. ఆ నీళ్ళ రుచి నాకు తెలుసు. కాళ్ళు కడుక్కుంటున్నప్పుడు పెదవికి తగిలితేనే చేదుగా ఉండి ఉమ్మేసేదాన్ని. ఆయన ఉమ్మలేదు. మింగాడు. గొంతు కదలడం నాకు పక్కనుంచి కనబడింది. మళ్ళీ ముంచి, ఇంకో పుడిసెడు కూడా తాగాడు.

“హెలూ,” అన్నాడు. తియ్యగా ఉన్నాయని.

పంపు చప్పుడొకటే వినబడుతోంది.

నీళ్ళు బాగానే ఉన్నాయి, అని ఆయన అతిథి వైపు తిరిగి అన్నాడు. చెట్లకే నాలాగా వయసైపోయింది. ఈ బావి నీళ్ళు వదలమని ఇతనికి చెప్పింది నేనే. ఇందులో ఇతని తప్పేమీ లేదు. తర్వాత కొడుకు ఎటు ఉన్నాడో ఆ వైపు ముఖం తిప్పి, నేల ఈయనకి ఇచ్చెయ్యి అన్నాడు. అంతే. లేవడానికి చెయ్యి చాపాడు. కొడుకు పట్టుకోబోతే ఆ చెయ్యి వెనక్కి తీసుకుని, నా భుజం వెతుక్కున్నాడు.

ఇంటి వరకూ నడిచి వెళ్ళాం. వరండాలో కూర్చున్నాక మంచినీళ్ళు అడిగాడు. అమ్మ గ్లాసు తెచ్చి చేతికిచ్చింది. ఆయన నోరు పుక్కిలించలేదు, మామూలుగా తాగి గ్లాసు ఇచ్చేశాడు.

పొద్దు వాలుతుండగా నాన్న ఆయన దగ్గరికి వెళ్ళాడు. హాజీ తాత నమాజు ముగించి చాప మడుస్తున్నాడు. నాన్న దూరంగా నిలబడి చేతులు కట్టుకున్నాడు. “హాజీ, పానీ…” అని మొదలుపెట్టాడు.

“పానీ హెలూ, రఫీక్. ఖలాస్,” అన్నాడు హాజీ తాత. ఇక అయిపోయిందన్నట్టు చెయ్యి ఊపాడు. కోపం లేదు. ప్రేమా లేదు. ఇంటికి వెళ్ళు, నీ భార్య అన్నం పెట్టుకుని చూస్తూ ఉంటుంది అన్నాడు.

నాన్న వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. ముద్ద కలిపాడు, నోటి దాకా తీసుకెళ్ళలేకపోయాడు. “రెండు తిట్లు తిట్టుంటే బాగుణ్ణే” అని ఒక్కమాట అన్నాడు అమ్మతో. అమ్మ కంచం తీసేసింది.

తోట అమ్ముడుపోయింది. కొడుకు ఇచ్చిన మాట మీద నిలబడతాడేమో, ఎక్కడో ఒక పని చూపిస్తాడేమో అని నాన్న కొన్నాళ్ళు ఆశ పెట్టుకున్నాడు. తోటే లేనప్పుడు తోటమాలి ఎందుకు? అతను మా ముఖాలు చూడటానికి ఇష్టపడలేదు. తాను చేయించిన పనిని గుర్తుచేసే మనుషుల్ని ఎవరు మాత్రం కళ్ళ ముందు ఉంచుకుంటారు? మా వీసాలు రద్దయ్యాయి. ఏ ఉద్యోగం నిలుపుకోవడానికి నాన్న ఆ పని చేశాడో, ఆ ఉద్యోగమూ నిలవలేదు. సామాన్లు కట్టుకుంటుంటే జగిత్యాల మామ వచ్చి సాయం చేశాడు. వెళ్ళేముందు, “నా మాట ఇనకపోతె బాగుండు బావా” అన్నాడు. నాన్న అతని మీద కూడా కోపం తెచ్చుకోలేదు.

ముహర్రక్‌లో విమానం ఎక్కే ముందు రోజు అమ్మ నన్ను హాజీ తాత దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన్ని కొడుకు మనామాలోని తన ఇంటికి తెచ్చుకున్నాడు. చల్లటి గది, మెత్తటి మంచం, అన్నీ ఉన్నాయి. ఆయన మంచం మీద ఒక పక్కకి తిరిగి కూర్చుని ఉన్నాడు. నా అడుగుల చప్పుడు విని పేరు పెట్టి పిలిచాడు. చాలా రోజుల తర్వాత మళ్ళీ నన్ను అడిగాడు, ఆ కిటికీలోంచి ఏం కనబడుతోందో చెప్పమని. నేను వెళ్ళి చూశాను. పక్కింటి గోడ కనబడింది. గోడ అని చెప్పాను. దాని వెనక? అన్నాడు. ఏమీ కనబడటం లేదని చెప్పాను. తల ఊపాడు. నా తల మీద చెయ్యి పెట్టి నాన్న ఎలా ఉన్నాడని అడిగాడు. బాగున్నాడన్నాను. మరికొన్నాళ్ళకి ఆయన పోయాడని జగిత్యాల మామ ద్వారా తెలిసింది.

మేము ఊరొచ్చాక నాన్నకి కడియంలోనే మళ్ళీ పని దొరికింది. ఆయన భయపడినంత కష్టమేమీ కాలేదు. ఆ సంగతే ఆయన్ని ఎక్కువ బాధపెట్టిందనుకుంటాను. మామిడికి అంటు కట్టాడు, సపోటాకి కట్టాడు, గులాబీలకి కట్టాడు. నర్సరీ యజమాని ఒకసారి బాదం మొక్కలు వేద్దామంటే మాత్రం తనకు చేతకాదన్నాడు. బహ్రెయిన్ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళం కాదు. నా పెళ్ళయి పిల్లలు పుట్టాక, నాన్న మంచం పట్టిన రోజుల్లో, తానే ఎత్తాడు. చెప్పకుండా దాచుకున్న మాటలా కాదు, రోజూ అనుకునే మాటని కొంచెం గట్టిగా అన్నట్టు.

“ఆయన ఆ నీళ్ళు నా మొహాన ఉమ్మేసుంటే, నేనీపాటికి మర్చిపోయేవోణ్ణి.”

హాజీ తాత మమ్మల్ని కాపాడాలనే ఆ మాట అన్నాడా, లేక అంతకంటే పెద్ద శిక్ష లేదని తెలిసే అన్నాడా అని నేను చాలాసార్లు ఆలోచించాను. కొడుకు పరువు అతిథి ముందు పోకూడదని కూడా అనుకుని ఉండవచ్చు. ఒక్క మాటతో ఇన్ని చేయగలిగిన మనిషి, ఆ తర్వాత నాన్నతో ఇంకొక్క మాట మాట్లాడి ఉంటే మా నాన్న ముసలితనం మరోలా ఉండేది. నువ్వు చేసింది నాకు తెలుసు, నాకు నొప్పి కలిగింది, పో అని చెప్పి ఉంటే చాలు. ఆయన మంచివాడే. అంత మంచితనం మోయడానికి నాన్నకి బలం చాలలేదు.

నేను కాకినాడ దగ్గర రొయ్యల షెడ్డులో పనిచేస్తాను. మొదట్లో రొయ్యలు వలిచేదాన్ని, ఇప్పుడు వలిచే ఆడవాళ్ళందరి మీదా నేనే సూపర్‌వైజర్‌ని. పాడైన సరుకుని మంచిదానిలో కలపమని పైవాళ్ళు ఎవరో చెబుతారు, కలిపిన పిల్ల దొరికిపోతుంది, చెప్పినవాడు తనకి తెలియనట్టు కేకలేస్తాడు. ఇలాంటివి ఏడాదికి ఒకటో రెండో జరుగుతూనే ఉంటాయి. అప్పుడు నేను ముందు ఆ పిల్లని పక్కకి తీసుకెళ్ళి నోటికొచ్చినట్టు తిడతాను. నువ్వు చేసింది ఇదీ, ఇది తప్పు, నాకు కోపం వచ్చింది అని ఆమె మొహం మీదే చెబుతాను. ఆమె ఏడ్చేదాకా ఆగను. ఆ తర్వాతే మేనేజరు దగ్గరికి వెళ్ళి, ఎవరు చెప్పి చేయించారో అందరి ముందూ అడుగుతాను. ఆ పిల్ల పని పోకుండా నిలబడతాను. మర్నాడు ఆమె నా పక్కనే కూర్చుని అన్నం తినగలగాలి, అది నాకు ముఖ్యం.

నాది నోటి దురుసని షెడ్డులో అందరూ అంటారు. అననిస్తాను.